దిబ్బ ఎవరిది, వేట ఎవరిది

నెల్లూరు తీరంలో దుగరాజపట్నానికి ఎదురుగా, ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరంలో, సముద్రం అడుగున ఒక పొడవాటి ఇసుక మెరక ఉంది. నౌకాపటాల్లో దాని పేరు అర్మగాన్ షోల్. అది దాదాపు ఒడ్డుకు సమాంతరంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి ఉంటుంది. నీటిపైకి తేలదు కాబట్టి దానిమీద ఎవరూ జెండా పాతలేరు. పెద్ద ఓడలు మాత్రం దానికి దూరంగా తప్పుకుని పోతాయి. ఆ ఓడల కోసమే ఒడ్డున అర్మగాన్ దీపస్తంభం వెలిసింది. మెరకకూ ఒడ్డుకూ మధ్య ఉన్న జలభాగం ఓడలు లంగరు వేసుకోవడానికి పనికొస్తుందని గుర్తించిన ఇంగ్లీషు నావికులు, ఒక నౌకాధిపతి పేరు మీద దానికి బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు పెట్టారు.

ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ వర్తకస్థానం పెట్టింది. స్థానికుడైన ఆర్ముగం ముదలియారు తోడ్పడ్డాడని, అర్మగాన్ అన్నది ఆయన పేరేనని చెబుతారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు ఫిరంగులు నిలిపి కోట కట్టుకున్న మొదటి చోటు ఇదే. సరుకు సరిగా దొరక్క, స్థానిక పాలకులతో పొసగక, 1640లో వాళ్లు దక్షిణాన మద్రాసుకు మకాం మార్చారు. మద్రాసు మహానగరమైంది. దుగరాజపట్నం చేపలు పట్టే ఊరుగానే మిగిలింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామన్న హామీ చేరినప్పుడు ఆ పేరు మళ్లీ దేశానికి వినిపించింది. పక్కనే పులికాట్ సరస్సు, శ్రీహరికోట ఉండటంతో ఆ రేవు ముందుకు సాగలేదు.

అర్మగాన్ మెరక తమదని ఏ దేశమూ అనలేదు. అది భారత ప్రాదేశిక జలాల్లోనే ఉంది. అయినా దాని చుట్టూ, దానికి ఉత్తరాన కావలి దాకా, దక్షిణాన పులికాట్ దాకా ఉన్న నీటిలో ఏటా తగాదాలు పుడుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, పుదుచ్చేరి ఈ మూడింటి మత్స్యకారులూ ఇక్కడ ఎదురుపడతారు. వేల మైళ్ల అవతల, దక్షిణ చైనా సముద్రంలో స్కార్బరో అనే పగడపు దిబ్బ దగ్గర చైనా, ఫిలిప్పీన్స్, తైవాన్‌ల మధ్య నడుస్తున్న వివాదం ప్రపంచానికంతా తెలుసు. రెండు చోట్లా కనిపించే తగాదా ఒకటి, దాని అడుగున ఉన్న తగాదా మరొకటి. మొదటిది దిబ్బ ఎవరిదని. రెండోది వేట ఎవరిదని. మొదటిదానికి సమాధానం దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

మెరకల దగ్గర తగాదాలు ఎందుకు రేగుతాయో తెలియాలంటే చేప ఎక్కడ చేరుతుందో తెలియాలి. లోతైన నీటిలో సాగే ప్రవాహం అడ్డంగా ఉన్న గట్టును తాకి పైకి లేస్తుంది. అడుగున పేరుకున్న పోషకాలు దానితోపాటు వెలుతురు అందే పొరలోకి వస్తాయి. అక్కడ కంటికి ఆనని నాచుజీవులు పెరుగుతాయి. వాటికోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. పగడపు దిబ్బ అయితే దాగడానికి సందులు కూడా ఉంటాయి. అందుకే నౌకాపటం గీసేవాడు తప్పించుకొమ్మని గుర్తు పెట్టిన చోటే వేటగాడు వల వేస్తాడు. ఓడకు గండమైన చోటు పడవకు కూడు పెడుతుంది.

పాత ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరం 160 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తడ, సూళ్లూరుపేట ప్రాంతాలు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, సముద్రం మీద బతికేవాళ్లకు అదంతా ఒకటే తీరం. ఒడ్డు పొడవునా పట్టపుపాళేలు, అంటే పట్టపు మత్స్యకారుల ఊళ్లు, కనిపిస్తాయి. ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, తూపిలిపాళెం వైపు వెళ్లినా, పెన్న సముద్రంలో కలిసే చోటికి వెళ్లినా ఇసుక మీద వరసగా ఫైబర్ పడవలు నిలిపి ఉంటాయి. కొయ్య దుంగలు తాళ్లతో కట్టిన తెప్పల కాలం దాదాపు పోయింది. చిన్న ఇంజను బిగించిన ఫైబర్ పడవ ఆ చోటు తీసుకుంది. నలుగురైదుగురు తెల్లవారుజామున అలలు దాటి వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొస్తారు. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, రొయ్యలు వాళ్ల వలల్లో పడతాయి. మంచుగడ్డ నింపుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండిపోయే వీలు ఆ పడవలకు లేదు. వాళ్ల వేట అంతా ఒడ్డుకు దగ్గర్లోనే.

పట్టపు కులస్థులకు తమిళనాడు తీరంలోని పట్టినవర్‌లతో పాత చుట్టరికం ఉంది. కొన్ని పాళేల్లో ఇప్పటికీ మాటలో తమిళం ఆనవాళ్లు వినిపిస్తాయి. పాళెం పెత్తనం కాపులని పిలిచే ఊరి పెద్దలది. ఊరంతా పాటించాల్సిన కట్టడిని దురాయి అంటారు. ఫలానా రోజు ఎవరూ వేటకు పోకూడదనో, ఫలానా రకం వల దించకూడదనో కాపులు దురాయి వేస్తే, దాన్ని మీరినవాడు తప్పు కట్టాలి. ప్రభుత్వ చట్టం పాళెం దాకా రాకముందే సముద్రానికి ఇక్కడ ఒక చట్టం ఉండేదన్నమాట. దాని లోపాలు దానికి ఉన్నాయి. ఆడవాళ్ల మాటకు అందులో చోటు తక్కువ. దురాయి పేరుతో కుటుంబాలను వెలివేసిన సందర్భాలు పోలీసు స్టేషన్ల దాకా వెళ్లాయి. అయినా ఉమ్మడి వనరును ఎవరికి వారు దోచుకోకుండా కాసిన ఏర్పాటుగా దానికి విలువ ఉంది.

ఈ తీరానికి బయటినుంచి వచ్చేవి మరపడవలు. చెన్నై, కడలూరు, నాగపట్నం వైపు నుంచి, పుదుచ్చేరిలో భాగమైన కారైకాల్ నుంచి ఇవి వస్తాయి. శక్తిమంతమైన ఇంజన్లున్న ఇలాంటి పడవలను తీరంలో సోనా బోట్లు అంటారు. సముద్రం అడుగును గీరుకుంటూ పోయే ట్రాల్ వలలు వీటి ప్రధానాయుధం. ఆ వల తాను వెతికే రొయ్యతోపాటు పిల్ల చేపలను, గుడ్లను, చేపలు మేసే అడుగు జీవాలను కూడా ఊడ్చేస్తుంది. పెద్ద పడవ రాత్రిపూట ఒడ్డుకు దగ్గరగా వస్తే, అప్పటికే నీటిలో విడిచి ఉంచిన చిన్న పడవల వలలు దాని కింద పడి తెగిపోతాయి. ఒక ఫైబర్ పడవకు వలే పెట్టుబడిలో పెద్ద భాగం, అదీ అప్పు చేసి కొన్నది. వల పోయిన కుటుంబానికి ఆ సీజను పోయినట్టే.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో విడమరిచి చూడాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 21వ అంశం చేపల పరిశ్రమ. కేంద్ర జాబితాలో 57వ అంశం ప్రాదేశిక జలాలకు ఆవలి చేపల వేట. 1976 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. కాబట్టి ఒడ్డు నుంచి ఆ మేర దాకా వేటను నియంత్రించే అధికారం రాష్ట్రానిది, ఆ తర్వాత కేంద్రానిది. 1970లలో మద్రాసు, కేరళ, గోవా తీరాల్లో చిన్న పడవలకూ ట్రాలర్లకూ మధ్య రక్తపాతం జరిగేదాకా రాష్ట్రాలకు ఈ విషయంలో చట్టాలే లేవు. ఆ ఘర్షణల తర్వాత కేంద్రం ఒక మాదిరి బిల్లు పంపింది. కేరళ, గోవా 1980లో, తమిళనాడు 1983లో చట్టాలు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1994లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా ఉన్న నీరు సంప్రదాయ పడవలది. మరపడవలు ఆ గీతకు అవతలే వేటాడాలి.

ఇక్కడ రెండు గీతలున్నాయని గమనించాలి. ఒకటి ఆంధ్రకూ తమిళనాడుకూ మధ్య ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా ఊహించుకునే గీత. రెండోది ఒడ్డుకు సమాంతరంగా 8 కిలోమీటర్ల దూరాన సాగే గీత. పత్రికల్లో, సభల్లో మాట్లాడేది మొదటిదాని గురించే. ఆంధ్ర జలాల్లోకి తమిళ పడవలు వచ్చాయన్నది వార్త అవుతుంది. పట్టపుపాళెం పొయ్యి వెలగాలా ఆరాలా తేల్చేది మాత్రం రెండోదే. చెన్నై మరపడవ ఒడ్డుకు 30 కిలోమీటర్ల అవతల వేటాడితే ఇస్కపల్లి పడవకు వెంటనే వచ్చే నష్టం తక్కువ. సొంత జిల్లా మరపడవే అయినా 4 కిలోమీటర్ల దగ్గరికి వస్తే వల తెగుతుంది. ఈ తేడాను పక్కన పెట్టి, తగాదాను తెలుగువాళ్లకూ తమిళులకూ మధ్య పోరుగా చూపించడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

తగాదా నడిచే తీరు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. వలలు తెగాయన్న కబురు పాళెంలో పాకుతుంది. ఫైబర్ పడవలు గుంపుగా బయల్దేరి మరపడవను చుట్టుముట్టి, పడవతోసహా మనుషుల్ని ఒడ్డుకు తెస్తాయి. తెచ్చినవాళ్లకు తిండి పెట్టి కూర్చోబెడతారు. మత్స్యశాఖ అధికారులు, మెరైన్ పోలీసులు వస్తారు. అవతలి ఊరి పెద్దలూ వస్తారు. నష్టపరిహారం బేరం సాగుతుంది. జరిమానా కట్టి పడవ వెళ్లిపోతుంది. కొన్నిసార్లు ప్రతీకారంగా దక్షిణ రేవుల్లో ఆంధ్ర పడవలను ఆపుతారు. ఆ తర్వాత కొద్దిరోజులకు మళ్లీ మొదలు. మరపడవ పనివాళ్లను తప్పుపట్టి ఊరుకోవడమూ న్యాయం కాదు. 1953లో కొల్లంలో నార్వే సాయంతో మొదలైన యాంత్రీకరణ, 1960లలో రొయ్యల ఎగుమతి పెరగడంతో తీరమంతా పాకింది. ప్రభుత్వాలు అప్పులూ రాయితీలూ ఇచ్చి ట్రాలర్లు కట్టించాయి. సొంత తీరంలో చేప తగ్గాక ఆ పడవలు డీజిల్ ఖర్చు రాబట్టుకోవడానికి ఉత్తరానికి వస్తున్నాయి.

తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం ఇచ్చారు. నిషేధం ముగిసిన వారాల్లో చేప బాగా దొరుకుతుంది కాబట్టి, అప్పుడే పెద్ద పడవల తాకిడి కూడా ఎక్కువ.

సముద్రాన్ని వదిలి పులికాట్‌లోకి వస్తే హద్దుల సమస్య మరింత చిక్కబడుతుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. చాలాచోట్ల లోతు మనిషి నడుము దాటదు. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలా నిలిచి ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెస్తాయి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌ది, ఆరో వంతు దాకా తమిళనాడుది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం ఇది ఒకే పాలన కింద ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు నీటి మీద హద్దు పడింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం ప్రకారం రెండు రాష్ట్రాల సరిహద్దులు మార్చిన చట్టం 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఆ వాదాలన్నీ ఊళ్ల గురించి, భాషల గురించి. నీటిలో వల కట్టుకునేవాడి గురించి ఆ చర్చల్లో ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

పులికాట్ బతుకంతా ముఖద్వారాల మీద ఆధారపడి ఉంది. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు పోటుతోపాటు సరస్సులోకి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. తమిళనాడు వైపు పళవేర్కాడు పట్నం దగ్గరి ముఖద్వారం వాటికి ప్రధాన దారి. ఆంధ్ర వైపు రాయదొరువు, తూపిలిపాళెం దగ్గరి మొగలు ఇసుక మేటలతో పూడుకుపోతుంటాయి. మొగ మూసుకుపోతే ఉత్తర భాగంలో నీరు ఎండుతుంది, ఉప్పు పెరుగుతుంది, చేప పోతుంది. అప్పుడు ఆంధ్ర మత్స్యకారులు దక్షిణానికి, చేప ఉన్న నీటికి వెళ్లక తప్పదు. అక్కడ తమిళ ఊళ్లవాళ్లు అడ్డుకుంటారు. పటం మీద ఎక్కువ నీరు ఆంధ్రది, చేప వచ్చే తలుపు తమిళనాడుది. ఇరకం, వేనాడు, భీమునివారిపాళెం వంటి చోట్ల పెద్దవాళ్లను అడిగితే ఏళ్లనాటి కొట్లాటల కథలు ఒకదాని వెంట ఒకటి చెబుతారు.

అదే సరస్సులో ప్రపంచ పరిశోధకులు వచ్చి చదువుకున్న ఒక ఏర్పాటు కూడా ఉంది. దాని పేరు పాడు. ముఖద్వారానికి దగ్గరగా, పోటుపాటులకు రొయ్య కదిలే దారిలో కర్రలు పాతి వలలు కట్టే చోట్లు కొన్నే ఉంటాయి. అన్ని చోట్లూ ఒక్కలా పండవు. అందుకని హక్కున్న కుటుంబాల పేర్లు పట్టీలో రాసుకుని, ఏ రోజు ఏ చోటు ఎవరిదో వంతులు వేస్తారు. ఈ రోజు మంచి చోటు దక్కినవాడికి రేపు మామూలు చోటు వస్తుంది, మరో రోజు విరామం. పెళ్లయిన మగవాడు పట్టీలో చేరతాడు, ఊరు విడిచి పోయినవాడి పేరు తీసేస్తారు. నీటిని ముక్కలుగా పంచడం దీని పద్ధతి కాదు. ఇది పంచేది కాలాన్ని. చెరువు కింద పొలాలకు వంతులవారీగా నీరు వదిలే పద్ధతి తెలిసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది.

పాడును ఆదర్శంగా పొగిడేవాళ్లు ఒక సంగతి దాటేస్తుంటారు. పట్టీలో పేరు ఎక్కడానికి కులం అడ్డుగోడ. పట్టినవర్ ఊళ్ల బయటివాళ్లకు, దళితులకు అందులో చోటు దొరకడం కష్టమైంది. దానిమీద ఏళ్లకేళ్లు పోరాటాలు జరిగాయి. నీటిలో కూర్చుని చేతులతో రొయ్యలు పట్టే యానాదులు, ఇరులర్లు ఏ పట్టీలోనూ లేరు. బక్కింగ్‌హాం కాలువకు, సరస్సుకు, అడవికి మధ్య తరతరాలుగా తిరిగిన యానాదులకు ఈ నీటి మీద ఉన్న హక్కును రెండు రాష్ట్రాలూ ఇంకా సరిగా రాసిపెట్టలేదు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నాక దీవిలోని యానాదుల సంచారం కుదించుకుపోయింది. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి రాకెట్ లేచింది. ఇప్పటికీ ప్రయోగం ఉన్న రోజుల్లో చుట్టుపక్కల సముద్రంలో వేటకు పోరాదని హెచ్చరికలు వెలువడతాయి. దేశ గౌరవం పెంచిన ప్రయోగాలకు ఈ పాళేలు చెల్లించే పనిదినాల లెక్క కూడా ఎక్కడో ఉండాలి.

రాష్ట్రాల మధ్య తగాదా ఎంత ముదిరినా పైన ఒక దేశం, ఒక సుప్రీంకోర్టు ఉన్నాయి. దేశాల మధ్య అలా ఉండదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ఆ లోటు కొంత తీర్చింది. భారతదేశం 1995లో దానికి ఆమోదం తెలిపింది. నీటిలోని ప్రతి మెరకకూ ఒకే హోదా ఉండదని ఆ ఒడంబడిక చెబుతుంది. మనుషులు సొంతంగా బతకగలిగిన దీవికి 12 మైళ్ల ప్రాదేశిక జలాలతోపాటు 200 మైళ్ల ఆర్థిక మండలం కూడా దక్కుతుంది. పోటు వేళ కూడా నీటిపైన కనిపించినా, మనుషులు బతకలేని రాతికి 12 మైళ్లే. పాటు వేళ మాత్రమే తేలే దిబ్బకు సొంతంగా ఏమీ లేదు. దానిమీద సిమెంటు పోసి విమానాల పట్టీ వేసినా హోదా మారదు.

బంగాళాఖాతంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1970 నాటి భోలా తుపాను తర్వాత సుందరవనాల ముందు, హరియాభంగా నది మొగలో ఒక ఇసుక దిబ్బ పైకి తేలింది. భారత్ దాన్ని న్యూమూర్ అంది, బంగ్లాదేశ్ దక్షిణ తల్‌పట్టి అంది. యుద్ధనౌకలు వెళ్లాయి, జెండాలు ఎగిరాయి. 2010 నాటికి ఆ దిబ్బ నీట మునిగిందని పరిశోధకులు ప్రకటించారు. రెండు దేశాల సముద్రపు హద్దును 2014 జూలై 7న హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తేల్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వచ్చాయి. దిబ్బ ఉండిన చోటు భారత్ వైపు పడింది. రెండు దేశాలూ తీర్పును ఒప్పుకున్నాయి. ఆసియాలో ఇలాంటి తీర్పులకు దక్కిన అరుదైన గౌరవం అది.

స్కార్బరో దిబ్బ కథ అలా ముగియలేదు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి సుమారు 120 నాటికల్ మైళ్ల పడమట, త్రికోణాకారపు పగడపు వలయం అది. లోపల మడుగుతో కలిపి 150 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పోటు వేళ నీటిపైన కనిపించేవి కొన్ని రాళ్లు మాత్రమే. 1784లో ఈస్టిండియా కంపెనీ ఓడ స్కార్బరో దీన్ని ఢీకొనడంతో ఆ పేరు వచ్చింది. చైనీయులు హువాంగ్యన్ అంటారు, ఫిలిప్పీన్స్ వాళ్లు పనతాగ్ అంటారు. 2012 ఏప్రిల్‌లో చైనా పడవలు అక్కడ పెద్ద ఆల్చిప్పలు పడుతుండగా ఫిలిప్పీన్స్ నౌకాదళం అడ్డుకుంది. చైనా నిఘా నౌకలు మధ్యకు వచ్చాయి. వారాలపాటు ఎదురుబొదురుగా నిలిచాక దిబ్బ చైనా చేతిలో ఉండిపోయింది.

ఫిలిప్పీన్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2016 జూలై 12న వచ్చిన తీర్పు దిబ్బ ఏ దేశానిదో చెప్పలేదు. అది తన పరిధిలో లేదని మొదటే స్పష్టం చేసింది. చైనా గీసుకున్న తొమ్మిది ముక్కల గీత లోపలి జలవనరుల మీద దానికి చారిత్రక హక్కు లేదని తేల్చింది. స్కార్బరోను రాయిగా లెక్కించింది. ఆ తర్వాత చెప్పిన మాట మత్స్యకారుల దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ఈ దిబ్బ దగ్గర ఫిలిప్పీన్స్, చైనా, వియత్నాం, తైవాన్ వేటగాళ్లు తరతరాలుగా చేపలు పడుతున్నారని, యాజమాన్యం ఎవరిదైనా ఆ సంప్రదాయ వేట హక్కు నిలిచి ఉంటుందని, ఫిలిప్పీన్స్ వాళ్లను అడ్డుకోవడం చట్టవిరుద్ధమని ట్రిబ్యునల్ చెప్పింది. పడవ మరల పంకాలతో పగడాన్ని తవ్వి ఆల్చిప్పలు తీయడాన్నీ తప్పుపట్టింది. చైనా తీర్పును ఒప్పుకోలేదు. 2024 నవంబరులో దిబ్బ చుట్టూ తన ప్రాదేశిక జలాల ఆధారరేఖలు ప్రకటించింది. 2025 సెప్టెంబరులో అక్కడ ప్రకృతి రక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేస్తున్నట్టు చెప్పింది. ఫిలిప్పీన్స్ నిరసన తెలిపింది. చిన్న కొయ్య పడవల్లో వచ్చే లూజాన్ జాలరులను ఇప్పటికీ నీటిఫిరంగులు తరుముతున్నాయి.

పాక్ జలసంధిలో కచ్చతీవు విషయంలోనూ ఇవే రెండు ప్రశ్నలు. 285 ఎకరాల ఆ దీవిని 1974 జూన్ ఒప్పందంతో భారత్ శ్రీలంకదిగా ఒప్పుకుంది. 1976 నాటి లేఖలతో వేట హక్కులూ విడదీసేశారు. తమిళనాడు రాజకీయాల్లో ఆ దీవి పేరు ఇప్పటికీ మోగుతుంది. అక్కడ నీటిలో ఎదురుపడేవాళ్లు మాత్రం తమిళనాడు ట్రాలర్లు, జాఫ్నా తమిళుల చిన్న పడవలు. ఇద్దరి భాషా ఒకటే. జాఫ్నా జాలరి చేసే ఫిర్యాదు నెల్లూరు పట్టపు జాలరి ఫిర్యాదుతో అక్షరాలా కలుస్తుంది. వలలు తెగాయి, అడుగు గీరుకుపోయింది, రాత్రి వస్తారు. శ్రీలంక 2017లో ట్రాల్ వలలను నిషేధించింది. దీవి రేపు చేతులు మారినా జాఫ్నా వల తెగడం ఆగదు.

హద్దు తెలియక దాటితే ఏమవుతుందో ఉత్తరాంధ్ర కుటుంబాలకు అనుభవమే. 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. గుజరాత్ అంచున సర్ క్రీక్ వద్ద భారత్, పాకిస్తాన్‌ల హద్దు ఇప్పటికీ తేలలేదు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇల్లు చేరారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకు ఆ ఘటనే ఆధారం. సొంత తీరంలో వేట గిట్టుబాటు కాకపోవడమే వాళ్లను దేశం ఆ కొసకు పంపిందన్నది ఆ కథలో మరవకూడని భాగం.

నెల్లూరు తీరంలో పరిస్థితి ఇప్పుడు మారే దశలో ఉంది. కావలి దగ్గర జువ్వలదిన్నెలో చేపల రేవు కట్టారు. ఇంతకాలం ఈ తీరంలో పెద్ద పడవ నిలిపే చోటు లేక, మరపడవల వేట దక్షిణ రేవులవాళ్ల చేతిలోనే ఉండేది. రేవు పూర్తిగా నడిస్తే స్థానికులే మరపడవలు కొంటారు. అప్పుడు 8 కిలోమీటర్ల గీతను పాటించాల్సింది పొరుగు రాష్ట్రం వాళ్లే కాదు, పక్క పాళెం వాళ్లు కూడా. మర చేపట్టినవాడు, చేపట్టలేనివాడు ఒకే ఊళ్లో ఉన్నప్పుడు కాపుల దురాయి ఎంతవరకు పనిచేస్తుందో పాళేలు తేల్చుకోవాల్సి వస్తుంది.

కేంద్రం 2024లో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం మొదలుపెట్టింది. ఇస్రో రూపొందించిన ఈ పరికరం ఉపగ్రహం ద్వారా పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలుపుతుంది. తుపాను కబురు అందిస్తుంది. అంతర్జాతీయ సముద్ర సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిస్తుంది. ఒడ్డుకు సమాంతరంగా ఉన్న 8 కిలోమీటర్ల గీతకూ ఇదే పద్ధతి వర్తింపజేసి, రెండు రాష్ట్రాల మత్స్యశాఖలూ పుదుచ్చేరీ ఆ వివరాలు పంచుకుంటే, ఏ పడవ ఏ రాత్రి ఎక్కడుందో వాదించుకునే పని ఉండదు. ఇప్పటికి ఆ గీతకు కాపలా మెరైన్ పోలీసు స్టేషన్లు, మత్స్యశాఖ దగ్గరున్న కొద్దిపాటి గస్తీ పడవలు, తెల్లవారకముందే అలలు దాటిపోయే ఫైబర్ పడవల మనుషులు.